పళ్ళ డాక్టరుగారి రక్తం పందెం

మా వీధి పళ్ళ డాక్టరుగారికి ఒక్కటే పిచ్చి. ఎవరినైనా రక్తపరీక్షకు పంపితే తానూ వెంట వెళ్ళి, చొక్కా చెయ్యి పైకి మడిచి, "ముందు నాది తియ్యమ్మా, పందెం!" అంటారు. లోకం పేకముక్కల మీద పందెం కాస్తుంది, ఈయన రక్తం మీద కాస్తారు.

అంకె తక్కువ వచ్చినవాళ్ళు గెలిచినట్టు. చిగుళ్ళు వాచి కుళ్ళితే ఆ వాపు జాడ రక్తంలోనూ కనబడుతుందట. దాన్ని కొలిచే పరీక్ష పేరు సీఆర్పీ; వాపు ఎక్కువైతే అంకే ఎక్కువ. నేను చదివింది అయిదో తరగతే అయినా అడగందే ఊరుకునే రకాన్ని కాను కాబట్టి ఇదంతా ఆయన చేతే చెప్పించాను.

గెలిచిన రోజు ఆయన్ని పట్టలేం. బ్యాంకు మేనేజరు రోడ్డుకు అవతల కనబడితే చాలు, "ఏమండోయ్, నాది ఒకటి లోపే! మీది పన్నెండు!" అని కేక.

"మెల్లిగా సార్, మా అత్తగారు పక్కనే ఉన్నారు!" అని ఆ మానవుడు గొడుగు చాటుకు తప్పుకునేవాడు.

ఇలా ఉండగా మా తోటికోడలి మోకాలి ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. ఆ అంకె దిగితే గాని కత్తి పట్టనన్నాడు ఎముకల డాక్టరు. మెట్లు దిగలేక ఆవిడ మేడ మీదే బందీ. వాపు ఎక్కడుందోనని ఒళ్ళంతా వెతికి, చివరికి చిగుళ్ళు చూపించుకోమన్నారు. మన డాక్టరుగారు పళ్ళు శుభ్రం చేసి చిగుళ్ళ వాపు తగ్గించారు. ఇక మళ్ళీ రక్తం ఇవ్వడమే మిగిలింది.

"నా వల్ల కాదక్కా. మొన్న సూది చూసే కళ్ళు తిరిగి పడ్డాను. నడవకపోతే మానె!"

"నిన్ను ఎత్తి దించే ఓపిక నీ మొగుడికి ఇంకెన్నాళ్ళుంటుందే?" అన్నాను.

డాక్టరుగారు మాత్రం, "ఓడిపోతానని భయమామ్మా?" అన్నారు.

"నాకా? పదండి చూద్దాం!" అని లేచింది.

ల్యాబులో ఎప్పటిలాగే ఆయనే ముందు కూర్చున్నారు. నేను ఊరుకుంటానా, తెర తప్పించి తొంగిచూశాను. పందెంరాయుడు కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, కుర్చీ చేతిని నలిపేస్తున్నారు. నుదుటినిండా చెమట.

"ఏమిటమ్మాయ్ ఇది?"

రక్తం తీసే పిల్ల గొంతు తగ్గించింది. "ఎప్పుడూ ఇంతే పెద్దమ్మగారూ. సూదంటే ఈయనకి పైప్రాణాలు పైనే పోతాయి. అయినా భయపడేవాళ్ళు వస్తే ముందు ఈయన కూర్చోవాల్సిందే."

"కబుర్లాపి కానియ్యమ్మా!" అన్నారాయన, కళ్ళు తెరవకుండానే.

నా భుజం మీదుగా ఇదంతా చూస్తున్న మా తోటికోడలు కిసుక్కున నవ్వింది. కుంటుకుంటూ వెళ్ళి ఆయన వీపు తట్టింది. "అయిపోయింది బాబూ, అయిపోయింది. లేవండి, నేను కూర్చుంటా" అని చెయ్యి చాపింది.

అంకె దిగింది. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. పందెం తానే గెలిచానని డాక్టరుగారు వీధంతా టముకు వేస్తున్నారు. మా తోటికోడలు ఆసుపత్రికి బట్టలు సర్దుకుంటూ, పలకరించిన వాళ్ళందరికీ ఒకటే మాట చెబుతోంది:

"నాకేం భయమమ్మా! పాపం, ఆయనకి తోడెవరూ లేకపోతే వెళ్ళాను."