విమానానికి పూయాల

గువ్వలగుట్ట లేవికి గొంతు పెద్దది. గేటు దగ్గర నిలబడి "యాడికప్పా?" అని అడిగితే ఆ మాట రన్‌వే అవతలి కొస దాకా వినపడేది. కడప నుంచి ఒంటిమిట్ట దారిలో కొంత దూరం పోయి కొండవైపు తిరిగితే, ఒక గనుల కంపెనీ తన విమానం కోసం వేసుకున్న చిన్న మైదానం ఉంది. దానికి ఉన్నది ఒకే గేటు, ఆ గేటుకు ఉన్నది ఒకే లేవి. చేరిన కొత్తలో కంపెనీ యజమాని కారునే ఆపి, అద్దం దించి పేరు చెప్పమన్నాడు. ఇక వీడి పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. యజమాని నవ్వి, పేరు చెప్పి లోపలికి పోయాడు. ఆనాటి నుంచి లేవి ఆ కథను అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతూనే ఉన్నాడు.

"నీకు పేరు పెట్టినోళ్ళు తెలిసే పెట్టినారు," అనేది భార్య విశ్వాసమ్మ. "లేవి గోత్రమోళ్ళు గుడి వాకిలి కాసేటోళ్ళని పాస్టరయ్య చెప్పల్యా? నువ్వు ఇనప వాకిలి కాస్తాండావు."

అంతకుముందు అతనికి వేరుశనగ చేను ఉండేది. ఇప్పటికీ ఉంది, నీళ్ళే లేవు. బోరు ఎండిపోయాక ఆ చేను వంక చూడటం మానేసి గేటుకు వచ్చాడు. వచ్చినప్పటి నుంచి దాన్ని సొంత ఇంటి వాకిలి లాగే చూసుకున్నాడు. పొద్దున్నే తుప్పు గీకి, బందులకు నూనె పోసేవాడు. కాస్త కీచుమన్నా ఊరుకునేవాడు కాదు. లోపల దిగే తెల్ల విమానం మీద మాత్రం అతనికి రెండు మనసులు. చూస్తే ముచ్చటేసేది. ఎండాకాలంలో దాన్ని కడగడానికి ట్యాంకరు వస్తే కడుపు మండేది. అవతల ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలు పట్టుకొని నిలబడితే, ఇవతల విమానానికి తలంట్లు! ట్యాంకరు తిరిగిపోయేటప్పుడు లేవి గేటు మూసేసేవాడు. అడుగున మిగిలిన నీళ్ళు ఊళ్ళో డ్రమ్ములకు వదిలి పోతానని డ్రైవరు ఒప్పుకుంటేగానీ తీసేవాడు కాదు.

ఈ ఏడు ఆయుధపూజ నాడు పొద్దున కంపెనీవాళ్ళు జీపులకూ, ట్యాంకరుకూ, ఆఖరికి గడ్డి కోసే మిషనుకు కూడా పసుపు పూసి కుంకుమ పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, గేటు ముందు గుమ్మడికాయ పగిలింది. లేవి ఎప్పటిలాగే తప్పుకొని అటువైపు తిరిగి నిలబడ్డాడు. తన దేవుడు వేరైనా, ఇంకొకరు దేవుణ్ణి కొలుచుకుంటుంటే తేరిపార చూడటం మర్యాద కాదని అతని పట్టుదల. పూజయ్యాక చిత్రాన్నం పెడితే మాత్రం రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాడు.

మధ్యాహ్నానికి విమానం వచ్చి దిగింది. అందులో వచ్చినవాళ్ళు కార్లెక్కి గని వైపు పోయారు, పనివాళ్ళు పండగ భోజనాలకు ఇళ్ళకు పోయారు. అప్పుడు వచ్చింది ఒక అద్దె వ్యాను. పొద్దున దాని ఓనరు పూజ చేసుకున్నట్టున్నాడు, ముందర అరటి పిలకలు కట్టి, అద్దం నిండా పసుపు బొట్లు. అందులోంచి నలుగురు కాలేజీ పిల్లలు దిగారు. చేతుల్లో మూతలు పెట్టిన బకెట్లు.

"యాడికమ్మా?" అన్నాడు లేవి.

ముందున్న పిల్ల పేరు తనూజ. ఆ గొంతుకు ఉలిక్కిపడింది. వెనక కంచె దూకి పోదామని వచ్చినవాళ్ళు వాళ్ళు. దారి తప్పి నేరుగా గేటు ముందరే తేలారు. తోచక ఉన్నమాట అనేసింది. "విమానానికి పూయాల, పెద్దాయనా."

లేవికి అంతా అర్థమైపోయింది. పొద్దున పూజకు అందనిది విమానం ఒక్కటే. దానికీ పసుపు పూయాలి కదా! అంత పెద్దదానికి బకెట్ల కొద్దీ పట్టదా మరి?

"ఇంత ఆలస్యమా? పోండి, పోండి. చెప్పులు ఈడనే ఇడిసిపోండి, దేవుడి పని," అని గేటు బార్లా తెరిచాడు.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన చెప్పాడు గనుక చెప్పులు విడిచి, గేటు పక్కన వరసగా పెట్టి, లోపలికి పోయారు. లేవి మర్యాదగా అటువైపు తిరిగి నిలబడ్డాడు.

మంత్రాలకు బదులు నినాదాలు వినపడేసరికి వెనక్కి చూశాడు. తెల్ల విమానం ముక్కు నుంచి తోక దాకా నారింజ రంగులో మునిగి ఉంది. దాని మీద నల్లటి అక్షరాలు: 'మీకు మబ్బుల పైన దారి, మాకు మబ్బే లేదు.' లేవి కర్రెత్తుకొని పరుగెత్తాడు. పారిపోతారనుకుంటే, పిల్లలు రెక్క కింద కూర్చొని ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. ఎత్తిన కర్రను ఏం చేయాలో తోచలేదు. దానితోనే విమానాన్ని చూపించి, కొండలు మారుమోగేలా అరిచాడు. "ఇదేం పసుపే తల్లీ!"

పోలీసులు వచ్చి వాళ్ళను అట్లాగే, ఒట్టి కాళ్ళతో, జీపెక్కించి తీసుకుపోయారు. గేటు పక్కన చెప్పులు మిగిలిపోయాయి. కుక్కలు లాక్కుపోతాయని లేవి వాటిని గోతంలో వేసి ఇంటికి తెచ్చాడు.

మరునాటికి ఆ విమానం అందరి ఫోన్లలోకీ ఎక్కింది. ఒంటిమిట్టకు వచ్చిన యాత్రికులు కూడా ఆటోలు తిప్పించుకొని వచ్చి, కంచె బయట నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఊళ్ళో భీమమ్మ టీ అంగట్లో కూర్చోవడానికి చోటు లేదు.

"మంచి పని చేసినారు. ఒగ మనిషికి ఒగ విమానమా? అంత ఆయిలు కాలిస్తే ఎండలు మండక ఏమైతాయి?"

"శానా చెప్పినావులే. సదువుకోమని పంపితే ఒకరి సొత్తు మీద రంగు పోస్తారా? రేపు నీ ట్రాక్టరుకు పోస్తే ఊరుకుంటావా?"

"యాడన్నా రంగు పోస్తే వానొస్తాదా?"

"వాన సంగతి నాకు తెల్దు గానీ," అంది భీమమ్మ, "నా అంగట్లో ఇన్ని టీలు ఎప్పుడూ పోల్యా."

టీవీలో అయితే ఆ పిల్లలు వీరులో ఉగ్రవాదులో తేలక చర్చకొచ్చినవాళ్ళు గొంతులు చించుకుంటున్నారు. ఊళ్ళో అన్ని పక్షాలవాళ్ళూ కలిసింది ఒక్క దగ్గరే. పూజ అనుకొని తనే గేటు తీశాడన్న సంగతి అప్పటికే పాకిపోయింది, లేవి కనపడగానే "ఏం పూజారప్పా, విమానానికి హారతి ఇచ్చినావా?" అని నవ్వారు. యజమాని కారునే ఆపిన మనిషికి ఆ నవ్వు ముల్లులా దిగింది.

గేటు దగ్గరికి పోతే దాని నడుమ ఇంత సొట్ట. ఏదో బండితో గుద్దినట్టుంది. పక్కనే మేనేజరు భూపేష్ నిలబడి ఉన్నాడు.

"గేటు గుద్ది లోపలికి వచ్చినారు, నిన్ను తోసి కొట్టినారు. ఊళ్ళో ఏమన్నా అనుకోనీ, స్టేషన్లో అంతే చెప్పాల. చేతికి ఒక కట్టు కట్టుకో."

"తెరిచింది నేనే కద సారూ."

"ఆ మాటంటే నువ్వూ వాళ్ళ మనిషివే అంటారు, నీ ఉద్యోగం ఉండదు. నేను చెప్పినట్టు చెప్తే నీ గేటు నీకుంటాది. ఒట్టి రంగు కేసయితే వాళ్ళు రేపే బయటికొస్తారు. కాపలా మనిషిని కొట్టినారంటే ఇప్పుడిప్పుడే రారు."

లేవి సొట్ట మీద చెయ్యి పెట్టాడు. పిల్లల మీద అతనికి కోపం లేదని కాదు, బోలెడంత ఉంది. తనను నలుగురిలో నవ్వులపాలు చేశారు. కానీ వాళ్ళు ఈ గేటును వేలితో కూడా ముట్టలేదు. తను రోజూ నూనె పోసి సాకిన గేటును గుద్దింది ఎవరో అడక్కుండానే తెలిసిపోయింది.

ఇంటికి వచ్చి విశ్వాసమ్మకు చెప్పాడు.

"ఉద్యోగం సంగతి ఆమీదట చూద్దాం," అంది. "ఆ పాప నిన్ను మోసం చేసిందా ల్యాదా, ముందు అది అడిగిరా. చేసుంటే నీ ఇష్టం."

లేవి గోతం భుజాన వేసుకొని స్టేషనుకు పోయాడు. ఎస్సై స్వర్ణలత కుర్చీలో ఉంది, ఎదురుగా భూపేష్. గోడ పక్కన పిల్లలు కూర్చొని ఉన్నారు. ఎండకు కాలిన రన్‌వే మీద నడిచి వాళ్ళ అరికాళ్ళు బొబ్బలెక్కాయి. లేవి ఎస్సైకి దండం పెట్టి, నేరుగా తనూజ ముందుకు పోయి నిలబడ్డాడు.

"పూజ అని నాకెందుకు అబద్ధం చెప్పినావు?"

"పూజ అన్ల్యా పెద్దాయనా. పూయాల అన్న్యా."

లేవి ఆ మాటను మనసులో తిప్పి చూసుకున్నాడు. నిజమే, పూయాల అనే అంది. పసుపూ పూజా తన తలే చేర్చుకుంది.

"మరి నేను చెప్పులు ఇడిసిపొమ్మన్నప్పుడన్నా చెప్పొద్దా?"

తనూజ తల దించుకుంది. "అది తప్పే."

ఆ ఒక్క మాటతో లేవికి మనసు కుదుటపడింది. ఎస్సై వైపు తిరిగి గోతం విప్పి చెప్పులన్నీ నేల మీద కుమ్మరించాడు. జత జతగా, గేటు దగ్గర ఉన్నట్టే, వరసగా పేర్చాడు.

"అమ్మా, గేటు గుద్ది, మనిషిని కొట్టి లోపలికి పోయేటోళ్ళు చెప్పులు ఇడిసి పోతారా? గేటు తెరిచింది నేను. ఇడవమన్నది నేను. నన్ను ఎవరూ ముట్టల్యా. రంగు పూసిందానికి ఏం శిక్ష ఉండాదో అది వేయండి, పడాల్సిందే. ల్యానిది కలపొద్దండి."

ఆ గొంతుకు బయట రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగారు. ఎస్సై చెప్పులనూ, భూపేష్ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. ఆమె పెదాల మీద చిన్న నవ్వు వచ్చి పోయింది.

"రేపట్నుంచి నువ్వు రావొద్దు," అన్నాడు భూపేష్ పళ్ళ బిగువున.

లేవి మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి అతని చేతిలో పెట్టాడు. అప్పుడు కూడా గొంతు తగ్గలేదు. "రాను సారూ. ఆ సొట్ట మటుకు మీరే తీయించుకోండి."

తనూజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా వల్ల నీ ఉద్యోగం పాయె, పెద్దాయనా."

"పోతే పోయింది. చెప్పులు తొడుక్కో తల్లీ, బయట నేల కాలతాంది." గోతం మడిచి చంకలో పెట్టుకొని, వాకిట్లో ఆగి వెనక్కి తిరిగాడు. "ఇంకోసారి ఏ గేటు కాడికన్నా పోతే, పూయాల అని ఊరుకోవద్దు. ఏం పూయాల్నో అది గూడా చెప్పు."