‘పురుగు’ అన్నవాళ్ళందరి నోళ్ళూ కట్టేశాను

పట్టురైతుల సైట్లో ‘పురుగు’ అనే మాటను నిషేధించిన మహానుభావురాలిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి, నేనే. కల్లంలో నిలబడి ‘గింజ’ అన్నవాళ్ళకు జరిమానా వేసినట్టు, పెళ్ళిపందిట్లో ‘పెళ్ళికూతురు’ అన్నవాళ్ళను బయటికి గెంటినట్టు నేనొక పరిపాలన చేశాను. దాని దెబ్బకు హిందూపురం, పెనుకొండ, మడకశిర ఒక్క రోజులో చుట్టి రావలసి వచ్చింది. ఆ కథ చెబుతాను. నవ్వండి, కానీ మరీ గట్టిగా వద్దు. గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

అప్పట్లో నేను హిందూపురంలో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటరు పాఠాలు చెబుతుండేదాన్ని. పెనుకొండలో నాకు చిన్నప్పుడు లెక్కలు నేర్పిన నాగభూషణం సారు రిటైరయ్యాక మల్బరీ తోట వేసి పురుగుల పెంపకంలో దిగారు. బెంగుళూరులో ఇంజనీరుగా ఉన్న తన పాత విద్యార్థితో ‘పట్టు సందేహాలు’ అని ఒక సైటు కట్టించారు. ఎవరికి ఏ అనుమానం వచ్చినా అందులో అడగవచ్చు, తెలిసినవాళ్ళు చెప్పవచ్చు. సభ్యులు పెరిగేసరికి తగాదాలూ పెరిగాయి. సారు నాకు ఫోన్ చేశారు.

“అమ్మా రేణుకా, నువ్వు మాడరేటరుగా ఉండాల.”

“సార్, పట్టు అంటే నాకు చీర ఒక్కటే తెలుసు.”

“పట్టు సంగతి వాళ్ళు చూసుకుంటారు. నువ్వు మనుషులను చూసుకో.”

ఇంట్లో ఈ ముచ్చట చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి మాట, “సంబళమెంత?”

“సంబళం లేదమ్మా. సేవ.”

“అంట్లు తోమేది గూడా సేవనే. అది ఎప్పుడన్నా చేసినావా?”

గొప్పవాళ్ళను ఇంట్లో గుర్తించరని అప్పుడే అర్థమైంది. మాడరేటరంటే సైట్లో చెత్త ఊడ్చేవాళ్ళు, కొట్లాటలు విడిపించేవాళ్ళు అని చాలామంది అనుకుంటారు. నేను మాత్రం జిల్లా కలెక్టరని అనుకున్నాను. కోతికి కొబ్బరికాయ దొరికితే పగలగొట్టడం ఎలాగో తెలియక చూస్తూ కూర్చుంటుంది. నాకు దొరికింది తొలగింపు మీట. దాన్ని నొక్కడం చాలా సులువు.

అక్షరదోషం కనిపిస్తే దిద్దాను. ‘శుభోదయం’ పువ్వులు కనిపిస్తే పీకేశాను. ఒకాయన ఆకు పసుపు పచ్చగా ఎందుకవుతోందని అడిగితే, ‘ఇది ఇదివరకే అడిగారు’ అని ప్రశ్న మూసేశాను. “అప్పుడు అడిగింది వానాకాలంలో తల్లీ, ఇప్పుడు ఎండలు మండిపోతాండాయి” అని ఆయన మొత్తుకున్నాడు. మొత్తుకోవడం ప్రశ్న కాదని దాన్ని కూడా తీసేశాను.

నాకు కొరకరాని కొయ్యలు ఇద్దరే. ఒకడు మడకశిర దగ్గరి పల్లెలో పురుగులు మేపే తిప్పేస్వామి. రెండోవాడు ధర్మవరంలో చీరలు నేసే ఓబులేసు. ఇద్దరూ ఎన్నడూ ముఖాముఖి చూసుకున్నది లేదు. అయినా పాలివాళ్ళలాగా కొట్టుకునేవాళ్ళు.

“మీ గూళ్ళ దారం మగ్గమెక్కిస్తే, పక్కింట్లో దగ్గినా తెగుతాండాది” అని ఓబులేసు రాస్తాడు.

“మగ్గం తొక్కేది రానోనికి మోకు ఇచ్చినా తెగుతాది” అని తిప్పేస్వామి.

“నువ్వూ నీ పురుగులూ ఒకటే జాతి.”

“నువ్వే పురుగువి! మా పురుగు కనీసం గూడన్నా కడతాది. నువ్వేం కడతావప్పా?”

ఈ చివరి వాక్యం చదివి నాకు ఒళ్ళు మండింది. నా పాలనలో తిట్లా! వెంటనే సెట్టింగులు తెరిచాను. అందులో నిషేధించిన మాటలకు ఒక గడి ఉంది. గాడిద, దున్నపోతు అప్పటికే అక్కడ కట్టేసి ఉన్నాయి. వాటి పక్కన ‘పురుగు’ను కూడా కట్టేశాను.

ఆగండాగండి, నేను మరీ అంత తెలివితక్కువదాన్ని కాను. పట్టురైతులకు ఆ మాట అవసరమని నాకూ తట్టింది. అందుకని ‘పట్టుపురుగు’ అని రాస్తే వదిలేయమని మినహాయింపు పెట్టాను. ముందు పట్టు ఉంటే మర్యాద, ఉత్త పురుగైతే తిట్టు. ఎంత చక్కని సూత్రం! తెలుగువాళ్ళు విభక్తులు తగిలించి తప్పించుకుంటారని, పురుగులు, పురుగుకు, పురుగుమందు, ఏ రూపంలో దాక్కున్నా పట్టుకొమ్మని ఆదేశించాను. ఆ మాట రాసిన పోస్టు వచ్చింది వచ్చినట్టే మాయమవుతుంది. రాసినవాళ్ళకు ఈ సందేశం పోతుంది: “మీ భాష సభ్యంగా లేదు. ఒక వారం మౌనం పాటించి మనసు శుభ్రం చేసుకోండి.” ఆ వాక్యం నా సొంత రచన. రాసుకుని రెండుసార్లు పైకి చదువుకున్నాను కూడా.

నాకు తెలియనిదల్లా ఒక్కటే. పురుగులు మేపే మనిషి పుట్టి బుద్ధెరిగి ‘పట్టుపురుగు’ అనడు. ఆ మాట పుస్తకాల్లో ఉంటుంది. పశువుల కొట్టంలో నిలబడి ‘పాడిపశువు నీళ్ళు తాగిందా’ అని ఎవరైనా అడుగుతారా?

మర్నాడు సైటు చూస్తే ప్రశాంతం. అలా ఇలా కాదు, ఊరంతా తిరునాళ్ళకు పోయాక వీధి ఉన్నంత ప్రశాంతం. సంబరం పట్టలేక సారుకు ఫోన్ చేశాను.

“చూశారా సార్, ఒక్క తగాదా కూడా లేదు!”

“ఒక్క ప్రశ్న గూడా లేదు గదమ్మా?”

“అందరి సందేహాలూ తీరిపోయినట్టున్నాయి సార్.”

“మళ్ళీ ఒకసారి సరిచూసుకోమ్మా” అన్నారు సారు. పిల్లలు లెక్క తప్పు చేసినప్పుడు కూడా ఆయన అదే మాట అనేవారు.

ఆ మరుసటి రోజు పొద్దున నేను క్లాసులో ఉండగా బయట వరండాలో ఇద్దరు మగవాళ్ళ మాటలు వినిపించాయి. ఒకాయన లగేజీ ఆటో దిగి వచ్చాడు. ఇంకొకాయన బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు.

“ఏమప్పా, నీది గూడా నోరు కట్టేసినారా?”

“కట్టేసిరి. బీరువాలో చీరకు పురుగు పట్టింది, ఏం చేయాలని అడిగితి. మనసు శుభ్రం చేసుకోమన్యారు.”

“నేనైతే నా పురుగుల గురించే రాసినా. మా ఇంటామె నమ్మలేదు. పురుగుల గురించి రాస్తే ఎవరన్నా వారం నోరు కట్టేస్తారా, నిజం చెప్పు, ఎవరికి ఏం బూతులు రాసినావు అని ఒకటే పోరు.”

“ఎవరో హిందూపురం పాపంట. యాడుండాదో కనుక్కొని వచ్చినా. దారానికి ఎట్లా రావాల్సిందే గదా.”

“మనలాంటోళ్ళ బాధ ఆ యమ్మకేం తెలుసు? నీ పేరేమప్పా?”

“ఓబులేసు. ధర్మవరం.”

 రొప్పుతున్నాయన గొంతు తగ్గించాడు. “నేను తిప్పేస్వామిని.”

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు కదా. ఆ పిల్లి కంప్యూటరు వెనక నక్కి నక్కి చూస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకుని, ఒకేసారి నా వైపు తిరిగారు.

“ఏమ్మా, నువ్వేనా?”

“అన్నా, కూర్చోండి. మంచినీళ్ళు...”

“నీళ్ళు తర్వాత పాపా. నా పురుగులు సస్తాండాయి!” అంటూ తిప్పేస్వామి ఫోను నా ముఖానికి ఆనించాడు. తట్టల్లో పురుగులు తలలు పైకెత్తి ఊపుతున్నాయి, నోటి నుంచి పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి. “నాలుగో జ్వరం లేసినాయి. ఇంకొన్నాళ్ళకు గూడు కట్టాల్సినవి. నిన్న మాపటి నుంచి మేత ముట్టలేదు.”

“జ్వరమైతే డాక్టరుకు చూపించలేదా అన్నా?”

పగవాళ్ళిద్దరూ మళ్ళీ ఒకరినొకరు చూసుకున్నారు. ఈసారి ఆ చూపులో చుట్టరికం ఉంది.

“జ్వరమంటే కుబుసం ఇడిసేది పాపా” అన్నాడు ఓబులేసు, చంటిపిల్లకు చెప్పినట్టు. “అయినా సైట్లో నీకేం పని?”

నా పరువు ఇప్పుడైనా కాపాడుకోవాలి. “ఉండండన్నా, నేను అడుగుతాను, క్షణంలో జవాబు వస్తుంది” అని కీబోర్డు లాక్కున్నాను. తిప్పేస్వామి చెబుతూ ఉంటే పొల్లుపోకుండా కొట్టాను: ‘అర్జెంటు! పురుగులు తలలు ఊపుతాండాయి.’ పంపాను.

తెర మీద అందంగా, నా సొంత వాక్యం నాకే ప్రత్యక్షమైంది. మీ భాష సభ్యంగా లేదు. ఒక వారం మౌనం పాటించి మనసు శుభ్రం చేసుకోండి.

“చూస్తివా, ఆ యమ్మదీ కట్టేసిరి!” అన్నాడు ఓబులేసు జాలిగా. “నీ పైన గూడా ఒకడుండాడా తల్లీ, ఎవడు వాడు?”

ఆ ప్రశ్నకు నేను ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

నోరు మూతబడినవాళ్ళకు సెట్టింగులు కూడా తెరుచుకోవని అప్పుడే తెలిసింది. సారుకు ఫోన్ చేసి, ఒక చిన్న పొరపాటు జరిగిందని మొదలుపెట్టాను. సారు అంతా విని, “అదెట్లయితాది? నేను చూస్తా ఉండు” అన్నారు. టకటకమని చప్పుడు. ఆ తర్వాత, “అమ్మా, ‘పురుగు’ అని పెట్టి చూసినా. మనసు శుభ్రం చేసుకోమంటాంది” అన్నారు. బెంగుళూరు ఇంజనీరుకు చేస్తే మీటింగులో ఉన్నానని, సాయంత్రం చూస్తానని మెసేజి పెట్టాడు. అంటే ఆ సైట్లో నోరున్నవాడు ఒక్కడూ మిగల్లేదు!

“సార్, సైటు సంగతి తర్వాత, పురుగుల సంగతి చెప్పండి!” అని స్పీకరు పెట్టాను.

“పక్క చేలో ఎవురన్నా మందు కొట్టినారా?” అడిగారు సారు.

తిప్పేస్వామి ఇంటికి ఫోన్ కలిపాడు. ఆయన భార్య గౌరమ్మ చేనుగట్టు దాకా పోయి కనుక్కుని చెప్పింది. పక్కవాళ్ళు మొన్న టమోటాకు మందు కొట్టారట. గాలి మల్బరీ తోట వైపే ఉందట.

“అదే!” సారు గొంతు ఫోన్లోంచి బయటికి దూకింది. “ఆ ఆకు ఒక్కటి గూడా వేయొద్దు! కిటికీలు తెరవండి, పాత మేత తీసేయండి. నా తోటలో ఆకు కోతకొచ్చి ఉండాది. బండి ఉంటే రాండి, కోసి పెడతా.”

బండి. తిప్పేస్వామి ఓబులేసు వైపు చూడలేక నేల చూశాడు. ఓబులేసు గొంతు సవరించుకున్నాడు.

“దారం రేపు తీసుకుంటాలే. ఎక్కప్పా. ఏం, నీ పురుగులు సస్తే నేను నేసేది దేంతో?”

క్లాసులో పిల్లలకు సెలవిచ్చి నేనూ ఎక్కాను. ఎందుకని అడగకండి. తప్పు చేసినవాళ్ళకు కాళ్ళు ఒకచోట నిలవవు.

పెనుకొండ దారంతా ఆటో రివ్వున పోయింది. గుంత వచ్చినప్పుడల్లా నా తల పైకప్పుకు తగిలేది, అదీ ఒక రకం శిక్షే అనుకున్నాను. సారు తోటలో కూలివాళ్ళతో పాటు మేమూ కొమ్మలు కోశాం. ఆకు వాడకూడదని తడి గోనెపట్టలు కప్పాం. మడకశిర దారి పట్టాక వెనక ఆకు మధ్య కూర్చున్న తిప్పేస్వామి, “కొంచెం నెమ్మదిగా పోప్పా, గాలికి ఆకు వాడతాది” అంటాడు. “నెమ్మదిగా పోతే నీ పురుగులు వాడతాయి” అంటాడు ఓబులేసు. ఆ తగాదాను ఆపాలని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

పల్లె చేరాం. గౌరమ్మ షెడ్డు ముందే నిలబడి ఉంది. చీర చెంగు నడుముకు దోపి, కళ్ళు ఎర్రగా. కిటికీ వైపు అరల్లో ఉన్నవి అప్పటికే పోయాయి, వాటిని ఏరి బయట పోసింది. మిగతా అరల నిండా కొత్త ఆకు పరిచాం. నేనూ పరిచాను. అంతలో చూపుడువేలంత లావుది ఒకటి మెల్లగా నా చేతి మీదికి పాకింది.

“పురుగు! పురుగు!” అని షెడ్డు పైకప్పు లేచిపోయేలా అరిచాను.

తిప్పేస్వామి తల కూడా తిప్పలేదు. “పాపా, సభ్యంగా మాట్లాడు.”

ఓబులేసు నవ్వాడు. గౌరమ్మ అంత దిగులులోనూ నవ్వింది. నేను నవ్వలేదు, ఆ పురుగు ఇంకా నా చేతి మీదే ఉంది.

 అందరం అరల మీదికి వంగి చూస్తున్నాం. ఒక పురుగు తల ఊపడం ఆపింది. ఆకు అంచు పట్టుకుంది. వదిలింది. మళ్ళీ పట్టుకుంది. దాని పక్కది. దాని పక్కది. మెల్లమెల్లగా షెడ్డంతా చిరుజల్లు పడుతున్న చప్పుడు మొదలైంది. అన్ని పురుగులూ ఆకు కొరుకుతున్న చప్పుడు! గౌరమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. నేను ఎగిరి గంతేశాను. ఓబులేసు తిప్పేస్వామి వీపు మీద ఒక్కటి చరిచాడు, “తింటాండాయబ్బా! తింటాండాయి!” అని.

సాయంత్రం ఇంజనీరు మీటింగు ముగించుకుని ఫోన్ చేశాడు. “అందరి నోళ్ళూ విప్పేస్తున్నాను” అన్నాడు. ఆ మాట స్పీకర్లో విని గౌరమ్మ గబగబా వచ్చి నన్ను షెడ్డు మూలకు లాక్కెళ్ళింది.

“అమ్మయ్యా, నీకు పుణ్యముంటాది. పురుగుల గండం గడిచె గదా. మా ఆయనది మాత్రం ఇంకో వారం అట్లే పెట్టు. ఫోను పక్కన పెట్టి, పెండ్లయినాక మొదటిసారి నాతో మాట్లాడతాండాడు.”

ఈ లోకంలో నా పరిపాలనను మెచ్చుకున్న ఏకైక పౌరురాలు ఆమె.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట కుడిచేయి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఏ మాట మెడ మీదా, ఆ మాటతో అన్నం తినేవాళ్ళను అడగకుండా కత్తి పెట్టను. ఎవరైనా నన్నే పట్టుకుని ‘ఓసి పురుగా’ అని తిట్టినా సరే, ఏ జ్వరంలో ఉన్న పురుగని వినయంగా అడుగుతానే తప్ప, ప్రాణం పోయినా వాళ్ళ నోరు కట్టేయను. ఒకవేళ కట్టేయవలసి వస్తే, ముందు వాళ్ళ ఇంటామెను సంప్రదిస్తాను.