కుడితి కలిపిన అమ్మవారు

ఏలూరులో మా వీధి చివర తలుపులు చేసే షెడ్డు ఉంది. మొన్న అక్కడ వేపచెక్కకు చిత్రిక పడుతుంటే ఆ చేదు వాసనకు ఆగిపోయాను. సుబేదారుగారి వసారా గుర్తొచ్చింది.

గుండుగొలనులో టీచరుగా చేరిన కొత్తలో వాళ్లింట్లోనే ఒక వాటా అద్దెకు తీసుకున్నాను. సైన్యం నుంచి రిటైరై వచ్చిన ఆయన, పొలం కౌలుకిచ్చి, వసారాలో కూర్చుని వేపచెక్కతో దేవుళ్లను చెక్కేవారు. పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టాకే ఉలి పట్టేవారు. అయితే అలాంటి దేవుళ్లను నేనెక్కడా చూడలేదు. రాముడు చేనుగట్టు మీద కూర్చుని సీత కాలిలో ముల్లు తీస్తున్నాడు. వినాయకుడు చేపల చెరువు దగ్గర మేత బస్తా మోస్తున్నాడు. ఒక్కరి చేతిలోనూ ఆయుధం లేదు. యుద్ధం చూసొచ్చిన మనిషి విల్లునీ గదనీ ఎందుకు వదిలేశారో తెలుసుకోవాలని నాకు ఒకటే ఆరాటం. అడిగితే, చెక్క చాల్లేదని నవ్వేసేవారు.

ఊళ్లో కొత్తగా కట్టిన గుడికి మహిషాసురమర్దినిని చెక్కమని పెద్దలు అడిగినప్పుడు ఆయన ఎంతో సంబరపడ్డారు. నెలల తరబడి చెక్కారు. చూడటానికి వచ్చిన పెద్దలు గుమ్మంలోనే నిలబడిపోయారు. తలమీద కిరీటం, విశాలమైన కళ్లు, అంతా అమ్మవారే. కానీ ఆవిడ చెయ్యి మోచేతిదాకా కుడితి తొట్టిలో ఉంది. పక్కన గేదె మెడ చాచి నిలబడింది. చంపాల్సినదానికి కుడితి పెట్టడమేమిటని గుడి ప్రెసిడెంటుగారు నొచ్చుకున్నారు. ఒక చేతికి త్రిశూలమైనా ఇమ్మన్నారు. ఈయన ఇవ్వలేనన్నారు. విగ్రహం వేరేచోట చేయించుకుంటామని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం నేను అడక్కుండానే చెప్పారు.

"కొండల్లో నా పక్కనే ఒకబ్బాయికి తూటా తగిలిందండి, టీచరుగారూ. పోయేముందు దేవుణ్ణి తలుచుకుంటాడనుకున్నాను. వాళ్లమ్మ గేదెకి కుడితి పెట్టిందో లేదో అన్నాడు. అంతే, ఇంక మాట్లాడలేదు."

అమ్మవారి వైపు చూస్తూ, "అతను తలుచుకున్నది దేవుణ్ణేనని నాకు చాన్నాళ్లకి తెలిసిందండి" అన్నారు.

తర్వాత చాలా రోజులు ఆయన ఉలి ముట్టుకోలేదు. దీపం పెట్టి, ఊరికే కూర్చునేవారు. అమ్మవారు వసారాలోనే ఉండిపోయింది. పాలకేంద్రానికి వెళ్లే ఆడవాళ్లు రోడ్డు మీంచి చూసేవారు. ఒకావిడ లోపలికొచ్చి పసుపు కుంకుమ పెట్టింది. ఇంకొకావిడ గేదె ఈనితే తొలి జున్ను తెచ్చింది. మెల్లగా అది అలవాటైపోయింది. చివరికి ఒకరోజు ప్రెసిడెంటుగారే జున్ను గిన్నె పట్టుకుని వచ్చారు. అమ్మవారి ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని వెళ్లారు. ఆ మర్నాడు వసారాలో మళ్లీ ఉలి చప్పుడు వినిపించింది.

సుబేదారుగారు పోయి కొన్నేళ్లయింది. నేనిప్పుడు ఏలూరు నుంచి రోజూ తాడేపల్లిగూడెం వెళ్లి పనిచేస్తున్నాను. బస్సు దిగి స్కూలుకి నడుస్తుంటే, ఉల్లిపాయల కొట్టు ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని ఒకావిడ కుళ్లినవి ఏరుతూ కనిపిస్తుంది. ఈవిడలో ఆయనకు ఏ దేవత కనిపించేదో అనుకుంటూ ఒక్క నిమిషం ఆగుతాను. నాకింకా తెలియలేదు. బడికి మాత్రం రోజూ కాస్త ఆలస్యమవుతోంది.