సానపొడి, సాబేరా మేడం

ల్యాబ్‌లో కొలిమి వేడెక్కుతుంటే కొవ్వొత్తి కాలినట్టు ఒక వాసన వస్తుంది. లోహపు పొడి అచ్చుకు అంటుకోకుండా కలిపే మైనంలాంటి పదార్థం కాలిపోయే వాసన అది. నా దగ్గర చదివే పిల్లలు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం సాబేరా మేడం నవ్వు వినిపిస్తుంది. నిజామాబాద్‌లో ఎం.టెక్. చదివినప్పుడు ఆవిడే నా గైడు. బోధన్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ కాలేజీకి వచ్చిందో లేదో హాజరు పట్టీ చూడనక్కరలేదు, వరండా చివరిదాకా ఆ నవ్వే చెప్పేది.

అల్యూమినియం తేలికే కానీ రాపిడికి ఆగదు. అందుకే దాని పొడిలో సానరాళ్లకు వాడే సిలికాన్ కార్బైడ్ పొడి కలిపి, అచ్చులో పోసి, ప్రెస్సుతో నొక్కి, కరగనివ్వకుండా కాల్చి బిళ్లలు చేయడం నా ప్రాజెక్టు. ఆ బిళ్లను గిర్రున తిరిగే ఉక్కు పళ్లేనికి ఆనించి ఎంత అరిగిందో చూడాలి. సానపొడి పెరిగితే అరుగుదల తగ్గుతుంది, కానీ బిళ్ల పెళుసవుతుంది. "చెరుకు రసంల నిమ్మకాయ పిండినట్టు బేటా. తక్కువైతె సప్పగుంటది, ఎక్కువైతె నోట్లె పెట్టలేం" అనేది మేడం.

నా బిళ్లలు కొన్ని అరగనే లేదు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. హైదరాబాద్‌లో పరిశోధన సీటు ఈ ఫలితాల మీదే ఆధారపడి ఉంది మరి. మేడం ఒక బిళ్లను వేళ్ల మధ్య తిప్పి చూసి, "గిప్పుడు దీన్ని తిరగేసి పెట్టు" అంది. రెండో ముఖం సుద్దముక్కలా అరిగిపోయింది.

"అచ్చుల పొడి ఎట్ల పోస్తవో సూపెట్టు" అంది. పోశాను. అలవాటుగా అచ్చును అరచేత్తో టకటకా తట్టి, ఇంకొంచెం పోశాను. మేడం పడీపడీ నవ్వింది.

"మీ ఇంట్ల వడ్లు ఎవరు కొలుస్తరే?"

"మా అవ్వ, మేడం."

"గందుకే!"

మాది మాక్లూర్ దగ్గర వరి పండించే ఇల్లు. ఎవరికైనా వడ్లు కొలిస్తే మానికను తట్టి, కుదించి, నిండుగా పోయాల్సిందే. లేకపోతే మా అవ్వ దృష్టిలో అది మోసం. ఆ ధర్మమే నా కొంప ముంచింది. తట్టినప్పుడల్లా సన్నటి సానపొడి అల్యూమినియం రేణువుల సందుల్లోంచి అడుగుకు జారింది. అడుగంతా సానపొడి, పైనంతా ఒట్టి అల్యూమినియం.

"కింది ముఖం లెక్కలే రాస్తె కాదా మేడం? అవి అబద్ధమైతె గాదు గద" అని గొణిగాను.

"అరే, ఒక్క గోడ జూసి ఇల్లు కొంటరా? రేపు మిషన్ల పెట్టినంక ఏ పక్క రాసుకుంటదో నీకెర్కనా? మళ్ల చేద్దాం పా."

రంజాన్ ఉపవాసాల్లో కూడా ఆవిడ కొలిమి పక్కనే నిలబడింది. నేను టిఫిన్ డబ్బా దాచుకుంటే, "తిను, నా రోజా నీ అన్నాన్ని జూసి భయపడదు" అని ఆటపట్టించేది. ఈసారి అచ్చును తట్టకుండా స్కేలుతో చదును చేశాను. బిళ్లలు రెండు వైపులా ఒకేలా అరిగాయి, విరగ్గొడితే మునుపటికన్నా ఎక్కువ బలానికి ఆగాయి. కానీ అరుగుదల మాత్రం ఏమంత గొప్పగా లేదు. ఆ ఏడు సీటు రాలేదు.

బస్టాండులో మేడం పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. "మొదటి లెక్కలు పెడితె సీటొచ్చేది" అన్నాను కోపంగా.

మేడం కాదనలేదు. "వచ్చేది. ఎవడన్న తిరగేసి సూస్తడేమోనని బతుకంత భయపడుతుంటివి. ఏడు, మంచిగ ఏడు. అయినంక ఛాయ్ తాగుదాం."

మరుసటి ఏడు అవే మామూలు లెక్కలతో సీటు వచ్చింది. ఆ తర్వాత నా పనిని పొగిడినవాళ్లున్నారు, పెదవి విరిచినవాళ్లున్నారు. అయితే ఎవరైనా నేను చేసిన దాన్ని చేతిలోకి తీసుకుని రెండో వైపు తిప్పుతుంటే, నా గుండె ఇప్పటికీ నిమ్మళంగానే కొట్టుకుంటుంది.