పసిరికల వాత కాదు

2016 వానాకాలం. తెలంగాణ వచ్చి రెండేళ్లు దాటింది. నల్లగొండ జిల్లాలో పిల్లల సంరక్షణ చూసే ఆఫీసులో నేను అవుట్‌రీచ్ వర్కర్‌గా చేరి ఏడాది కూడా కాలేదు. పిల్లలెవరికైనా ఆపద ఉందని కబురొస్తే ఆ ఇంటికి వెళ్లి చూసి రావడం అవుట్‌రీచ్ వర్కర్ పని. నేను బడికి పోయి చదివినదాన్ని కాదు. నాయిన ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించాడు, తర్వాత ఓపెన్ పరీక్షలు రాయించాడు. ఆయన ఓపిక, దేవుని దయ, అట్లా నాకీ ఉద్యోగం దొరికింది.

ఆ రోజుల్లో చిన్నపిల్ల పెళ్లి ఆపడానికి పోతే ఊరు తిట్టినా దారి ఇచ్చేది. కన్నవాళ్లే కొడుతున్నారని పోతే మాత్రం మమ్మల్ని వింతగా చూసేవాళ్లు. చట్టం ఉంది, పిల్లల సంక్షేమ కమిటీ ఉంది. ఇంకొకరింటి గడప దాటి అడిగే అలవాటు మాత్రం ఎవరికీ లేదు. మాకూ కొత్తే.

దేవరకొండ దగ్గరి ఒక పల్లె నుంచి బడి సారు ఫోన్ చేశాడు. రెండో తరగతి పిల్ల చేతి మీద కాలిన మచ్చలున్నాయి, అడిగితే నోరు విప్పడం లేదు అన్నాడు. పిల్లను శ్రావణి అందాం, తల్లిని యాదమ్మ అందాం. రెండూ మార్చిన పేర్లే.

నేను వెళ్లేసరికి యాదమ్మ పత్తి చేనుకు బయలుదేరుతోంది. భర్త మేళ్లచెరువులో సిమెంటు బస్తాల లోడింగుకు పోతాడు, ఎప్పుడో గానీ ఇంటికి రాడు. నేను అడగకముందే ఆమె అంది:

"పిల్లకు పసిరికలైనయి మేడం. వాతలు పెట్టిచ్చినం."

నమ్మదగిన మాటే. మా దిక్కు కామెర్లను పసిరికలంటారు. వాటికి చేతి మీద కాల్చి వాత పెట్టడం పాత నాటు వైద్యం. నా ముంజేతికీ అలాంటి మచ్చ ఉంది.

ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. కాస్త చనువు కోసమని పిల్ల పక్కన కూర్చుని నా మచ్చ చూపించాను.

"నీకు గూడ పెట్టిండ్రా?" అంది శ్రావణి.

"ఆ. నీ అంతున్నప్పుడు పసిరికలైతే మా అవ్వ పెట్టిచ్చింది."

పిల్ల నా మచ్చను వేలితో తడిమింది. "పాలు ఒలకవోస్తే కాదా?"

"నీకు పాలు ఒలకవోస్తే పెట్టిండ్రా బిడ్డా?"

"ఇది పాలకు. ఇది బడి నుంచి ఆలిస్యంగొచ్చినందుకు." మూడో మచ్చ మీద వేలు పెట్టబోయి ఆగిపోయింది. గడపలో యాదమ్మ చాయ్ గ్లాసుతో నిలబడి ఉంది.

ఎంత విన్నదో తెలియదు. పిల్ల తనంత తానే చెప్పడాన్ని మా పనిలో డిస్‌క్లోజర్ అంటారు. అది విన్నాక ఆఫీసుకు చెప్పి పిల్లను కమిటీ ముందుకు తీసుకుపోవాలని శిక్షణలో నేర్పారు. కానీ నేను లేచి వెళ్లిపోతే ఆ ఇంట్లో మిగిలేది వాళ్లిద్దరే. సిగ్నల్ లేదన్న నెపంతో వాకిట్లోకి వచ్చి ఆఫీసుకు మెల్లగా చెప్పాను. జీపు పంపుతున్నామన్నారు. అది వచ్చేదాకా నేను కదలకూడదు.

"చాయ్ మంచిగున్నది అక్కా. ఇంకింత పోస్తవా?"

"గంత తీపి తాగుతవా మేడం? షుగర్ రాదా?" అంది యాదమ్మ, నవ్వకుండానే పోస్తూ.

పత్తి గురించి అడిగాను, వాన గురించి అడిగాను. పిల్ల నా కొంగు పట్టుకుని వదలడం లేదు. లోపల ప్రార్థన, పైకి ముచ్చట. చివరికి యాదమ్మే అడిగింది.

"ఏం జెప్పింది మా పిల్ల?"

"నువ్వే చెప్పరాదు అక్కా."

"నా బిడ్డ. కొట్టుకుంట, కోసుకుంట. నీకేంది నడుమ?" అని, చీర కొంచెం పైకి లాగి పిక్క చూపించింది. "ఇగో సూడు. మా అమ్మ నాకు పెట్టలేదా? నేను బతుకుతలేనా?"

వరుసగా మచ్చలు.

జీపుతో వచ్చిన కానిస్టేబుల్ నన్ను పక్కకు పిలిచాడు. "కన్నతల్లి గదమ్మా. జర భయం జెప్పి ఇడిసిపెడదాం."

"మనం పోయినంక పిల్లకు ఏమన్న అయితే మీరు పూచీ ఉంటరా సార్?"

ఆయన తల గోక్కుని, వెళ్లి జీపు తలుపు తీశాడు. పిల్ల ఎక్కి కూర్చుని ఒకే మాట అడిగింది. "అమ్మను కొడ్తరా?"

"కొట్టరు బిడ్డా."

పిల్ల ఎక్కడ ఉండాలో నిర్ణయించేది చైల్డ్ వెల్ఫేర్ కమిటీ. వాళ్లు శ్రావణిని చిట్యాలలో ఉన్న మేనత్తకు అప్పగించారు. నేను మేనత్త ఇంటికి పోయి వస్తూ, ఎవరూ చెప్పకపోయినా యాదమ్మ దగ్గరికీ పోయేదాన్ని. మొదట్లో మొహం తిప్పుకునేది. ఒకరోజు మాత్రం బస్సు దాకా నా వెంట నడిచి వచ్చింది.

"మేడం, నాకు సిర్రెత్తుతది. కండ్లు గనవడయి. గప్పుడు ఎవలకు ఫోన్ జెయ్యాలె?"

పిల్లలకు హెల్ప్‌లైన్ ఉంది. ఆమెకు ఏ నంబరు చెప్పాలో మాకెవరూ నేర్పలేదు. నా నంబరే ఇచ్చాను.

మరుసటి ఏడు కమిటీ పిల్లను తల్లి దగ్గరికే పంపింది, మేం చూసి వస్తూ ఉండాలన్న షరతుతో. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. కొన్నాళ్లకు ఫోన్ మోగింది.

"కోపమొచ్చింది మేడం. బయటికొచ్చి కూసున్న."

"పిల్ల ఏడుంది?"

"లోపల. రాసుకుంటాంది."

ఆమె ఊపిరి కుదుటపడేదాకా మాట్లాడాను. ఆ తర్వాతా చేసింది, ఇప్పటికీ అప్పుడప్పుడు చేస్తుంది. పిల్లను ఇంట్లోంచి తీసుకురావడానికి ఒక జీపు చాలు. ఆ ఇల్లు మళ్లీ పిల్లదవ్వాలంటే కొట్టిన మనిషితోనూ ఏళ్ల తరబడి మాట్లాడాలని ఈ కేసు నాకు నేర్పింది.

ఆ నంబరు కనబడితే ఈరోజుకీ గుండె దడదడలాడుతుంది. దేవా, నీకు స్తోత్రం అనుకుంటూ ఎత్తుతాను. ఆ ఘడియకు ఆమె చేయి పిల్ల మీద లేదు, ఫోను మీద ఉంది.