ఆకులు పట్టుకొని భూపాలపల్లికి

జనగామల పొద్దుగాల ఏడింటికి రైలెక్కినం, నేనూ బాపూ, మహబూబాబాద్‌ల మేనత్తను చూడనీకి. కిటికీ సీటు బాపుకు, బొమ్మల పుస్తకం నాకు. ఆయనకు పక్షవాతం వచ్చి మూడు నెలలాయె. కుడిచెయ్యి పోయింది. మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది: "కాదు". దాన్నే అన్నిటికీ వాడుతడు. చాయ్ తాగుతవా అంటే కాదని, గ్లాసు గుంజుకుంటడు.

బాగా తెలిసినవి చూపించి అడుగుతుంటే మాట మళ్లొచ్చినా రావచ్చని దవాఖానల డాక్టరమ్మ అన్నది. బాపుకు తెలిసినవి చెట్లు. భూపాలపల్లి సామిల్లుల ఇరవై ఏండ్లు దుంగలు కోసిండు. నాకేమో వేపకూ కానుగకూ తేడా తెల్వది. అందుకని రోజుకొక ఆకు గీసి, వాళ్లనీ వీళ్లనీ అడిగి పేరు తెలుసుకొని, ఆయన ముందు పెడుతున్న. ఒప్పైనా కాదే, తప్పైనా కాదే. ఇసొంటి పంతులు దగ్గర చదువెట్ల సాగుతదో మీరే అనుకోండ్రి.

కాజీపేట దాటినంక ఎదురు సీటు పెద్దమనిషి బాపును అడిగిండు, "నీ కొడుకా అన్నా?"

"కాదు."

ఆయన నా దిక్కు అనుమానంగ చూసి సంచి ఒళ్లెకు జరుపుకున్నడు.

ఆ రాత్రి మేనత్త ఇంట్లనే ఆగినం. బాపుకు అన్నం తినిపించుకుంట అడిగింది, "తమ్మీ, ఒక్కసారి అక్కా అనరా."

"కాదు."

అత్త నవ్వింది, అటెంకనే ఏడ్చింది. నా బొమ్మలు తిరగేసి, "గివేం ఆకులురా? మేకకు చూపియ్యి, అదే జెప్తది," అన్నది. కండ్లు తుడుచుకున్నంక, "భూపాలపల్లికి తోల్కపో. ఆడ బతికిన మనిషి. ఆడ మాట రాకుంటే ఇంకేడ వస్తది?"

ఆ రాత్రే పెన్సిళ్లు చెక్కి పెట్టుకున్న.

తెల్లారి వెనక్కి వరంగల్ దాక రైలు, ఆడికెళ్లి పరకాల మీదుగ బస్సు. మీరూ పోతే ఎక్కేముందే ఇంత తినుండ్రి. మధ్యాహ్నానికి దిగినం. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు కావట్టి పక్కన చెట్లన్నీ ఒకటే రంగు. బొమ్మలేసెటోనికి మంచి జాగ, నల్ల పెన్సిల్ సాలు. ఆటో మాట్లాడుకొని అడవి అంచుకు పోయినం.

టేకాకు చూపెట్టిన. కాదు. ఇప్ప. కాదు. తునికి. కాదు. నల్లమద్ది అని నేననుకున్న చెట్టు కింద కూసోని ఆకు గీస్తుంటే, బాపు ఎడమచేత్తో పుస్తకం పక్కకు నూకిండు. కాలీడ్సుకుంట మాను దగ్గరికి పోయి, మొసలి వీపు లెక్క పగిలిన బెరడు మీద చెయ్యి పెట్టిండు. గోరుతో గీకి వాసన చూసిండు.

అప్పుడు వెలిగింది నాకు. సామిల్లుకొచ్చే దుంగకు ఆకులుండయి. మూడు నెలల సంది, ఆయన ఎన్నడూ పట్టించుకోనివే ఏరి ఏరి చూపించిన.

బెరడు గీసిన, పగులుకు పగులు. "నల్లమద్దా బాపు?"

ఏమనలే. కాదు కూడా అనలే.

"జర చెప్పే."

చెట్టు మీది చెయ్యి తియ్యలే. ఆటో అన్న హారన్ కొట్టేదాక అట్లనే నిలవడ్డడు.

తిరుగు బస్సుల నా భుజం మీద నిద్రపోయిండు. ఊకున్నడంటే ఔననా, అలిసిపోయిండా? లేపి అడిగితే ఏమంటడో మీకూ ఎరుకే. పరకాల దాటినంక బొమ్మ కింద 'నల్లమద్ది' అని రాసిన. పెన్సిల్‌తోనే.