తుడవనివ్వని గిన్నె

మొన్న తార్నాకలో మందుల షాపు ముందు నిలబడి ఉండగా లోపల టించర్ సీసా కిందపడి పగిలింది. అంతకు ఒక్క క్షణం ముందే షాపతను నా చేతికి ఇవ్వబోయిన మందుల పొట్లాన్ని బల్ల మీద పెట్టి, వేలితో నా వైపు తోశాడు. నా వేళ్లు సగానికి అరిగిపోయి, వంకర తిరిగి ఉంటాయి. కుష్టు నయమై ఎంత కాలమైందో అతనికేం తెలుసు? ఫోన్లో లోకమంతా చూసే మనిషికి ఈ మాత్రం తెలియకపోవడమేమిటి? గట్టిగానే అడిగేవాణ్ణి. కానీ టించర్ ఘాటు ముక్కుకు తగిలేసరికి సిస్టర్ రూతమ్మ వచ్చి పక్కన నిలబడినట్టయింది. ఆమె అయితే ముందు అతన్ని "ఏం నాయనా, అన్నం తిన్నావా?" అని పలకరించి, ఆ తరువాత కడిగేసేది.

ఆమె గుంటూరు వైపు మనిషి. పెళ్లి చేసుకోలేదు. తార్నాకలో ఒక అద్దె గదిలో ఉంటూ యూనివర్సిటీ క్యాంపస్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేది. నేను రాళ్లు కొట్టుకుని బతికిన మల్లయ్యను. ఒంటి మీద మచ్చలు తేలగానే మా అన్న నా కంచం పశువుల కొట్టంలో పెట్టాడు. రైలెక్కి కాచిగూడలో దిగి, కొన్నాళ్లు అక్కడ అడుక్కుని, చివరికి క్యాంపస్ గేటు దగ్గరికి చేరాను. నన్ను చూడగానే చదువుకునే పిల్లలు రోడ్డుకు ఆ పక్కగా నడిచేవాళ్లు. రూతమ్మ మాత్రం ఒక ఉదయం సరిగ్గా నా ముందుకు వచ్చి ఆగింది.

"ఆ కాలు ఇటు చాపు."

"దూరముండమ్మా. నాది పెద్దరోగం."

"పెద్దదో చిన్నదో చూసేదాన్ని నేను. కాలు చాపు. నాకు డ్యూటీకి లేటవుతోంది."

ఆ రోజే నన్ను ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టి, తాను కింద చతికిలబడి నా పుండు కడిగింది. కాంపౌండరుకు అది నచ్చలేదు. "స్టూడెంట్లు వచ్చే జాగ సిస్టర్. గీయన్ని గీడ కూసోబెడ్తే ఎట్ల?" అన్నాడు. "నిజమే. నీ కుర్చీ ఇటివ్వు, లోపల కూర్చోబెడతాను" అంది. పెద్దాసుపత్రికి వెంటబెట్టుకుని తీసుకెళ్లి మాత్రలు రాయించిందీ ఆమే, నేను వేసుకుంటున్నానో లేదో చూసిందీ ఆమే. రోగం పోయింది. ఇక ఎవరికీ అంటదని డాక్టరే చెప్పాడు. క్యాంపస్ మొక్కలకు నీళ్లు పట్టే పని కూడా ఆమే చూపించింది.

నాకు మాత్రం అనుమానం తీరలేదు. ఈ లోకంలో ఊరికే ఎవరు చేస్తారు? ఒకరోజు మొహం మీదే అడిగాను.

"ఏందమ్మా, నన్ను మీ మతంల కలుపుకునేతందుకేనా గిదంత?"

"నువ్వు కలిసినా కలవకపోయినా గురువారం కట్టు మార్చాలి. కాలు తడపకు" అంది. కట్టు ముడి బిగిస్తూ, "నాకు దొరికిన మంచి నీకూ చెప్పాలని ఉంటుందయ్యా. దాచుకుంటే పిసినారితనం. వినడం వినకపోవడం నీ ఇష్టం" అంది.

చాలా రోజులు వినలేదు. చివరికి నేనే అడిగి చెప్పించుకున్నాను. ఊరు తరిమేసిన కుష్టురోగి ఒకడు యేసు ముందు మోకరిస్తే, ఆయన ముట్టుకుని బాగుచేసిన కథ చెప్పింది.

"బాగుచేసినంక ముట్టిండా? ముందుగాల్నే ముట్టిండా?"

"ముందే ముట్టుకున్నాడు. మాకు ట్రైనింగులో గ్లవుజులు వేసుకోమన్నారు. పాపం, ఆయనకు ట్రైనింగు లేదుగా" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. పుండు ఉండగానే ముట్టుకునే దేవుడు నాకు కావాలనిపించింది. ఆ కథ నా కళ్లతో నేను చదవాలనీ అనిపించింది. బడి మొహం చూడని నాకు తార్నాక బస్టాపే బడి అయింది. వారాసిగూడ బోర్డులో ఉన్న 'గూడ'యే కాచిగూడ బోర్డులోనూ ఉందని కనిపెట్టిన రోజున కలెక్టరునైనంత సంబరపడ్డాను. అలా కూడబలుక్కుంటూనే ఆ కథ ఉన్న సువార్త అంతా చదివాను. ఎవరూ నేర్పలేదు. గర్వంగానే చెబుతున్నాను.

బాప్తిస్మానికి సంఘంలో ఎవరూ అడ్డు చెప్పలేదు. చిక్కంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు భోజనం దగ్గర వచ్చింది. మా చర్చిలో అందరికీ ఒకటే గిన్నె. ముందు మగవాళ్లు, తరువాత ఆడవాళ్లు వరసగా మోకరిస్తారు. పాస్టరు అయ్యగారు ఒక్కొక్కరి నోటికి గిన్నె అందించి, అంచును తెల్లగుడ్డతో తుడిచి, కాస్త తిప్పి పక్కవాళ్లకు ఇస్తారు. నేను మగవాళ్లలో చివర మోకరించినా, నా తరువాత ఆడవాళ్లంతా ఆ గిన్నెలోనే తాగాలి. సంఘపెద్ద ప్రకాశరావు గారు చదువుకున్న మనిషి, మెత్తగా మాట్లాడే మనిషి. చర్చి మెట్ల దగ్గర నన్నూ రూతమ్మనూ ఆపాడు.

"మల్లయ్యా, నీకోసం కొత్త స్టీలు గ్లాసు తెప్పించాం. అయ్యగారే వరండాలోకి తెచ్చి ఇస్తారు. నీకు మెట్లెక్కే శ్రమ కూడా ఉండదు."

నాకు ఒళ్లు మండింది. మా ఊరి చాయ్ హోటల్ చూరులో కొందరి కోసమే దోపి ఉంచే గ్లాసు నేనెరుగుదును.

"గిన్నె వేరైతే దేవుడు గూడ వేరేనా సారూ?"

"అపార్థం చేసుకోకు. ఆడవాళ్లు భయపడుతున్నారు."

"ఏ ఆడవాళ్లు?" అంది రూతమ్మ. "నేనూ ఆడదాన్నేగా. నన్నెవరూ అడగలేదే."

ఆ పూట గ్లాసు తీసుకుంటే బతికినన్నాళ్లూ నాకు గ్లాసే. గేటు దగ్గరి బతుక్కీ దీనికీ తేడా ఏముంది? వెళ్లిపోతానన్నాను. "వెళ్లేవాడివి రేపు వెళ్లు. ఇవాళ నా పక్కన మోకరించు" అని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

మగవాళ్ల వరస చివర నేను, నా పక్కనే ఆమె. గిన్నె నా ముందుకు వచ్చి ఆగింది. అయ్యగారు ప్రకాశరావు గారి వైపు చూశాడు, తరువాత రూతమ్మ వైపు చూశాడు. చివరికి గిన్నె నా నోటికి అందించాడు. తాగాను. ఆయన గుడ్డ ఎత్తేలోపు రూతమ్మ ఆయన చేయి పట్టుకుంది. "తుడవకండి అయ్యగారూ. తిప్పకండి కూడా" అని, నా పెదవులు తగిలిన చోటే తన పెదవులు పెట్టి తాగింది.

వెనక కొందరు ఆడవాళ్లు లేచి, చెప్పులు వెతుక్కుంటూ బయటికి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు కదల్లేదు. అప్పుడు ఒక ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. ప్రకాశరావు గారి తల్లే. "జరగవే రూతూ. మోకాళ్లు పీకేస్తుంటే ఎంతసేపు నిలబెడతారు?" అని విసుక్కుంటూ మోకరించి నోరు తెరిచింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు వచ్చారు. నేను తల వంచుకుని ఏడుస్తున్నాను. నిజం చెప్పాలంటే, తల వంచినా లోపల మాత్రం నిటారుగా నిలబడి ఉన్నాను.

ఆ తరువాత ఆమెను చర్చిలోని స్త్రీల సమాజం నుంచి తప్పించారు. "హాయిగా ఉంది. మీటింగుల గోల తప్పింది" అంది. మౌలాలి వైపు పట్టాల పక్కన గుడిసెల్లో ఉండే రోగుల దగ్గరికి నన్నూ వెంటబెట్టుకుని వెళ్లడం మొదలుపెట్టింది. కట్టు ఆమె కట్టేది, కథ నేను చెప్పేవాణ్ణి. "నీ నోట వింటే వాళ్లు నమ్ముతారయ్యా" అనేది. ఆమె పోయి చాలా కాలమైంది. నేను వెళుతూనే ఉన్నాను.

పోయిన ఆదివారం నా వెంట స్వప్న వచ్చింది. తార్నాక సిగ్నల్ దగ్గర చప్పట్లు కొట్టి అడుక్కునే హిజ్రా. చర్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"తాతా, గిటు మొగోళ్లు, గటు ఆడోళ్లు. నేనేడ కూసోవాలె?"

"నా పక్కపొంటి కూసో బిడ్డా."

నా తరువాత తాగడానికి మా చర్చిలో ఇప్పుడెవరికీ జంకు లేదు, జంకంతా స్వప్న తరువాత తాగడానికే. అందుకే గిన్నె వచ్చినప్పుడు స్వప్నను నాకన్నా ముందు మోకరించమన్నాను. ఆమె తాగింది. కొత్త అయ్యగారు గుడ్డ ఎత్తబోతుంటే, నా మొండి వేళ్లతో ఆయన చేయి పట్టుకున్నాను.